ఎముకల్లో సీసం

మా అత్తను వీధిలో అందరూ గుండ్లత్త అనే పిలిచేవాళ్ళు. వల అడుగంచుకు కట్టే సీసం గుండ్లు పోయడం ఆమె పని. గుండ్ల బరువులో తేడా వస్తే వల ఒక పక్కకు ఒరిగిపోతుంది, చేపలు కిందినుంచి జారుకుంటాయి. మా అత్త పోసిన గుండ్లు తూచి చేసినట్టు అన్నీ ఒక్కలాగే ఉండేవి. రేవులో సగం పడవలవాళ్ళు ఆమె గుండ్ల కోసమే కాచుకొని ఉండేవాళ్ళు. "నా గుండ్లు కట్టిన వల నీళ్ళ మీద తేలితే నేను గుండు కొట్టించుకుంటా" అని పందెం కాసేది. ముప్పయ్యేళ్ళకు పైగా ఆ పందెం ఎవరూ గెలవలేదు.

వంటింటి వెనక రేకుల వసారా ఆమె పనిచోటు. పాత బ్యాటరీల పలకలు, విరిగిన నీటిగొట్టాలు, చిరిగిన వలల నుంచి ఊడదీసిన గుండ్లు అన్నీ ఇనుప మూకుడులో వేసి పొయ్యి మీద పెట్టేది. కరిగాక పైన బూడిదరంగు తెట్టు కట్టేది. దాన్ని గరిటెతో తీసేస్తే కింద అద్దంలా మెరిసే సీసం. రెండు బద్దల అచ్చులో పోసి, చల్లారాక తెరిచి, అంచుల్లో మిగిలిన పొరను కత్తితో చెక్కి, ఆకురాయితో నున్నగా రుద్దేది. చెక్కిన పొట్టు నేల మీద రాలేది. సాయంత్రం చీపురుతో ఊడ్చి మళ్ళీ మూకుడులోకే ఎత్తేది. ఒక్క రవ్వ కూడా వృథా పోనివ్వనని ఆమెకు గొప్ప.

నేను కాపురానికి వచ్చేనాటికే మా మామ పోయాడు. మా ఆయన పడవ ఇంజను డ్రైవరు. వెళ్ళాడంటే పదేసి రోజులు సముద్రం మీదే. నేను చేపలు శుభ్రం చేసి ఐసులో సర్దే షెడ్డులో పనికి పోయేదాన్ని. అత్తాకోడళ్ళమే ఇంట్లో ఎక్కువ. ఆమె నోరు మంచిది, చేయి మంచిది. నన్ను ఒక్క మాట అనేది కాదు. ఒకటే వింత. సీసం పోస్తూ పోస్తూ ఉన్నట్టుండి గరిటె ఆపి పెరటి తలుపు వైపు తిరిగేది. "ఎవరో పిలిచినట్టు లేదూ?" అనేది. నాకేమీ వినపడేది కాదు. ఆమె కాసేపు అలాగే చూసి మళ్ళీ పనిలో పడేది.

మా ఆయనకు ఒక అక్క ఉండేదని, ఈయన పుట్టకముందే నాలుగేళ్ళకు పోయిందని మాత్రం నాకు తెలుసు. "ఆ సంగతి అమ్మ దగ్గర ఎత్తకు" అన్నాడు. ఎత్తలేదు.

మాకు ఆడపిల్ల పుట్టింది. ఏడాదిన్నర నిండకుండానే గలగలా మాట్లాడటం మొదలెట్టింది. పిట్ట అని పేరు పెట్టింది అత్తే. నేను షెడ్డుకు వెళ్ళాక పిట్ట వసారాలో నాన్నమ్మ పక్కనే కూర్చునేది. ఆడుకోవడానికి గుండ్లు దారానికి గుచ్చి అత్తే ఇచ్చింది. పిట్ట వాటిని నోట్లో పెట్టుకునేది, మెడలో వేసుకునేది, నేల మీద దొర్లించేది. నేను ఎన్నిసార్లు చూశానో! చూసి నవ్వుకున్నాను కూడా. ఈ మాట దాచిపెట్టి మిగతా కథ చెబితే అబద్ధం చెప్పినట్టే.

రెండున్నరేళ్ళు వచ్చేసరికి పిట్ట మారిపోయింది. అన్నం చూస్తే ఏడుపు. రెండు మూడు రోజులకోసారి కూడా దొడ్డికి వెళ్ళేది కాదు. ముట్టుకుంటే చిరాకు. పళ్ళు వస్తున్నాయేమో, దిష్టి తగిలిందేమో అని తలో మాటా అన్నారు. నేను వాము నీళ్ళు తాగించి ఊరుకున్నాను.

ఒకరోజు సాయంత్రం పని నుంచి వచ్చేసరికి అత్త పిట్ట ముందు గొంతుక్కూర్చుని ఉంది. చేతిలో గ్లాసు.

"ఇదేంటి పిట్టా? చెప్పు తల్లీ. ఇదేంటి?"

పిట్ట గ్లాసు వైపు వేలు చూపించి కీచుమని అరిచింది.

"అమ్మాయ్, దీనికి 'నీళ్ళు' పోయింది" అంది అత్త నా వైపు చూడకుండానే.

"మొండికేస్తోంది అత్తా."

"మొండి కాదు. మొన్న 'చెప్పు' పోయింది. నిన్న 'కాకి' పోయింది. ఇవాళ 'నీళ్ళు'. నేను లెక్కపెడుతూనే ఉన్నాను."

"చిన్నపిల్లలు అంతే. రేపు మళ్ళీ అంటుంది."

"ముందు మాటలే పోతాయి" అంది. "తర్వాత కడుపునొప్పి. తర్వాత..." అని ఆగిపోయింది. ఆమె ముఖంలో రక్తం లేదు. నేను చూసిన అన్నేళ్ళలో ఆ మనిషి భయపడటం అదే మొదలు.

మర్నాడు పొద్దున పొయ్యి వెలిగించలేదు. పిట్టను భుజాన వేసుకొని "పద" అంది. నేను షెడ్డుకు కబురైనా పంపకుండా ఆమె వెనకే పరిగెత్తాను.

పిల్లల ఆస్పత్రిలో డాక్టరమ్మ చిన్నవయసు మనిషి. పిట్ట కనురెప్ప కిందికి లాగి చూసి రక్తం బాగా తక్కువగా ఉందంది. కడుపు నొక్కి చూసింది. మట్టి తింటుందా అని అడిగింది. ఆ తర్వాత, ఊరికే అడిగినట్టు, "ఇంట్లో ఎవరేం పని చేస్తారు?" అంది.

"నేను వల గుండ్లు పోస్తానమ్మా" అంది అత్త.

"దేంతో?"

"సీసంతో."

డాక్టరమ్మ రాయడం ఆపేసింది. "ఇంట్లోనేనా? అప్పుడు పాప ఎక్కడుంటుంది?"

"నా పక్కనే."

ఆ రోజే రక్తం తీసి పంపారు. ఎక్స్‌రే తీస్తే పిట్ట కడుపులో ఉప్పు చల్లినట్టు తెల్లటి చుక్కలు. మా వసారా నేల మీద రాలిన పొట్టే అది. రెండో రోజుకు రక్తం ఫలితం వచ్చింది. అరవై ఆరు. ఆ అంకె పెద్దదో చిన్నదో మాకేం తెలుసు?

"అసలు ఒకటి కూడా ఉండకూడదు" అంది డాక్టరమ్మ. "ఐదు దాటితేనే మేం కంగారుపడతాం. నలభై ఐదు దాటితే మందు వేస్తాం. ఇంకాస్త పెరిగి ఉంటే ఫిట్స్ వచ్చేవి. అప్పుడు ప్రాణానికే..."

ఫిట్స్ అన్న మాట వినగానే అత్త గోడకు చేయి ఆనించుకుంది.

డాక్టరమ్మ మాకు తెలిసే మాటల్లోనే చెప్పింది. "సీసం చేతిలో శరీరం మోసపోతుంది పెద్దమ్మా. దాన్ని సున్నం అనుకుంటుంది. ఎముకలు పెరగాలంటే పిల్లలకు సున్నం కావాలి కదా, అందుకని ఆశగా లాక్కుంటుంది. అది రక్తంలోంచి మెదడుకు పోతుంది. మన మెదడు కట్టేసిన ఇల్లు. పిల్లలది ఇంకా కడుతున్న ఇల్లు. గోడ లేస్తుండగానే ఎవరో ఇటుకలు లాగేస్తుంటే ఎలా ఉంటుంది?"

"పోయిన మాటలు తిరిగొస్తాయా డాక్టరమ్మా?" అని అడిగాను.

"పోయినవి మందు తెచ్చివ్వదమ్మా. ఉన్నవి పోకుండా కాపాడుతుంది. పాప మెదడు ఇంకా పెరుగుతోంది. సీసం బయటికి వెళ్ళిపోతే తనంతట తనే మళ్ళీ నేర్చుకుంటుంది. ఎంతవరకు అనేది ఇప్పుడు నేను చెప్పలేను."

ముందు కడుపు శుభ్రం చేశారు. ఆ తర్వాత గొట్టం మాత్రలు. కీలేషన్ అంటారట ఆ వైద్యాన్ని. మందు రక్తంలో తిరుగుతూ సీసాన్ని పట్టుకొని మూత్రంలో బయటికి ఈడ్చుకొస్తుందట. ఏదో పాత భాషలో ఆ మాటకు పీత గోరు అని అర్థమట. పీత గోళ్ళతో ఎలా పట్టుకుంటుందో మాకెవరూ చెప్పక్కర్లేదు. అప్పటినుంచి అత్త దాన్ని పీతమందు అంది. ఐదు రోజులు రోజుకు మూడుసార్లు, తర్వాత పద్నాలుగు రోజులు రోజుకు రెండుసార్లు. మాత్ర విప్పితే కుళ్ళిన గుడ్డు వాసన. నేను అరటిపండులో కలిపి పెడితే పిట్ట నా ముఖానే ఉమ్మేది. అత్త పెడితే మింగేది. "పీత వస్తోంది, తలుపు తియ్! పీత వస్తోంది, తలుపు తియ్!" అంటూ చెంచాను గాలిలో అడ్డంగా పాకిస్తూ తెచ్చేది. పిట్ట నోరు తెరిచేది.

డాక్టరమ్మ గట్టిగా చెప్పిన మాట ఇంకొకటి ఉంది. ఇల్లు శుభ్రం కాకుండా పిల్లను పంపనంది. ఒక పక్క సీసం లోపలికి పోతుంటే ఈ మందు మేలు చేయకపోగా కీడు చేస్తుందట.

అత్త ఒక్కతే ఇంటికి వెళ్ళింది. ఆరోగ్య శాఖ మనిషి ఎలా చెయ్యాలో చూపించి వెళ్ళాడు. చీపురు పట్టకూడదు, దుమ్ము లేస్తుంది. ముక్కుకు గుడ్డ కట్టుకొని, తడిగుడ్డతో గోడలు, తలుపులు, కిటికీ ఊచలు తుడిచింది. మూకుడు, గరిటె, అచ్చు, మిగిలిన సీసం వాళ్ళకే అప్పజెప్పింది. పెరట్లో మన్ను జానెడు లోతు తవ్వించి, సిమెంటు పోయించింది. బట్టలు, పరుపులు అన్నీ పారేసింది. ఐదో రోజు ఆస్పత్రికి వస్తే నేను గుర్తుపట్టలేదు. నున్నటి గుండు. జుట్టులో దుమ్ము ఉంటుందేమోనని కొట్టించుకుందట.

ఎదురు మంచం పిల్లాడి తాత, మా రేవు మనిషే, నవ్వాడు. "ఏంటి గుండ్లత్తా, పందెం ఓడిపోయావా?"

"ఆఁ, ఓడిపోయాను" అంది. నవ్వలేదు.

మా ఆయన పడవ దిగి నేరుగా ఆస్పత్రికి వచ్చాడు. అంతా విన్నాడు. బెంచీ మీద కూర్చుని, "నేను ఐదో తరగతి దాటలేదు కదా" అన్నాడు. "మాస్టారు రోజూ మట్టిబుర్ర అని కొట్టేవాడు. మట్టి కాదన్నమాట." ఆయన నవ్వాడు గానీ ఆ నవ్వు చూడలేక నేను తల తిప్పుకున్నాను. నిజంగా సీసం వల్లేనా అని డాక్టరమ్మను అడిగితే, అయి ఉండొచ్చు, కాకపోవచ్చు, ఇన్నేళ్ళ తర్వాత ఎవరూ చెప్పలేరంది.

మందు పూర్తయ్యేసరికి అరవై ఆరు కాస్తా ఇరవై నాలుగయింది. ఇంటికొచ్చాం. పిట్ట "నీళ్ళు" అంది. అత్త ఆ మాట విని పెరట్లోకి వెళ్ళి చాలాసేపటికి గానీ రాలేదు.

రెండు వారాల తర్వాత పరీక్షకు తీసుకెళ్ళాం. నలభై ఏడు.

ఆ అంకె విన్నప్పుడు నా ఒళ్ళు నా వశంలో లేదు. వరండాలో నలుగురూ చూస్తున్నారన్న ధ్యాస కూడా లేకుండా అత్త మీద పడ్డాను.

"ఇంకా ఎక్కడ దాచావు? ఇంట్లో ఎక్కడో ఉంచావు నువ్వు! నీ చేత్తోనే పెట్టావు దానికి విషం. దారానికి గుచ్చి మరీ ఇచ్చావు!"

అత్త కళ్ళెత్తి నన్ను చూసింది. కోపం లేదు, ఏడుపూ లేదు.

"ఔనమ్మా. నా చేత్తోనే" అంది. "ఇద్దరికీ."

ఒక్క క్షణం నాకు అర్థం కాలేదు. తర్వాత నాలుగేళ్ళకే పోయిన మా ఆడపడుచు గుర్తొచ్చింది. నెల రోజులుగా ఆమె ఏం మోస్తోందో అప్పుడు గానీ నాకు తెలియలేదు. నాకు నా బిడ్డ ఒక్కతే కనపడింది. ఆమెకు మంచం మీద ఇద్దరు కనపడుతున్నారు.

లోపలికి పిలిచారు. ఇల్లు మళ్ళీ చూడాలని, అయినా ఇంత కంగారు అక్కర్లేదని డాక్టరమ్మ చెప్పింది. "సీసం రక్తంలోనే ఉండదు. ఎక్కువభాగం ఎముకల్లోకి చేరుతుంది. మందు రక్తాన్ని శుభ్రం చేయగానే ఎముకల్లోంచి మళ్ళీ కొంత బయటికి వస్తుంది. ఇంటిదొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారే, అలాంటిది. అందుకే ఇంకోసారి మందు వేద్దాం."

"ఎముకల్లో దాక్కుంటుందా?" అంది అత్త.

"అవును పెద్దమ్మా."

"ఎన్నాళ్ళు?"

"ఇరవై ముప్పై ఏళ్ళు కూడా ఉంటుంది."

అత్త చేతులు ఒళ్ళో పెట్టుకుని వాటినే చూస్తూ అడిగింది. "మట్టిలో పెట్టిన ఎముకల్లో కూడానా?"

డాక్టరమ్మ కుర్చీ అత్త దగ్గరికి లాక్కుంది. "ఎవరు పెద్దమ్మా?" అంది మెల్లగా.

అప్పుడు చెప్పింది అత్త. ముప్పై నాలుగేళ్ళుగా కన్నకొడుక్కి కూడా చెప్పని సంగతి. మొదటి బిడ్డ ఏడాదికే మాటలు నేర్చిందట. మూడేళ్ళకు వీధిలో అందరినీ పేరుపేరునా పలకరించేదట. పెరట్లోంచి "అమ్మా, ఎన్ని అయ్యాయి?" అని అరిచేదట, ఎన్ని గుండ్లు పోశావని. తర్వాత ఒక్కొక్క మాటే రాలిపోయింది. చివరికి "అమ్మా" ఒక్కటే మిగిలింది. దేనికైనా అదే మాట. ఆకలేసినా, కడుపు నొప్పెట్టినా, పిల్లిని చూసినా "అమ్మా". తర్వాత వాంతులు, ఫిట్స్. మెదడువాపు అన్నారట అప్పటి డాక్టర్లు. రెండు రోజుల్లో అయిపోయింది.

"ఏడాది పని మానేశాను. తర్వాత మళ్ళీ అదే మూకుడు, అదే అచ్చు, అదే వసారా" అంది. "పని చేస్తుంటే మనసు కాస్త కుదుటపడేది. అందుకని చేశాను. ఈ మందు అప్పుడుంటే బతికేదా అమ్మా?"

డాక్టరమ్మ అబద్ధం చెప్పలేదు. "మందు అప్పటికే ఉండొచ్చు. సీసమని ఎవరికైనా అనుమానం వస్తే కదా వాడేది? ఎవరూ మిమ్మల్ని ఏం పని చేస్తారని అడగలేదు పెద్దమ్మా. అది మీ తప్పు కాదు."

"అడగలేదు" అంది అత్త. "ఒక్కరూ అడగలేదు."

పిట్టకు రెండోసారి మందు వేశారు. ఈసారి పంతొమ్మిదికి దిగి, కొంచెం పెరిగి, ఆ తర్వాత మెల్లమెల్లగా తగ్గుతూ ఏడాదికి పదకొండయింది. అత్త రక్తం కూడా తీశారు. చాలానే ఉంది. పెద్దవాళ్ళకు ఆ మాత్రానికి మందు అవసరం లేదని, సీసం ముట్టకపోతే దానంతట అదే నెమ్మదిగా తగ్గుతుందని డాక్టరమ్మ చెప్పింది. "ఎముకల్లోది మాత్రం ఎప్పటికీ కొంత ఉంటుంది" అంది.

"ఉండనీమ్మా" అంది అత్త. "నా దగ్గర ఉండనీ."

తర్వాత ఆమె మా రేవు వీధుల్లో తిరగడం మొదలెట్టింది. గుండ్లు పోసే ఇళ్ళు పదకొండు ఉన్నాయి. ప్రతి గడపా ఎక్కింది. మొదట్లో చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టే. "తాతల నాటి నుంచీ చేస్తున్నాం, మాకేమైంది?" అన్నారు. "నీ పని పోయిందని మా పొయ్యి ఆర్పడానికి వచ్చావా?" అని ఒకామె ముఖం మీదే తలుపేసింది. అత్త అరుగు మీదే కూర్చుంది. ఎండలో మధ్యాహ్నం దాకా కూర్చుంది. చివరికి ఆమే తలుపు తీసి మంచినీళ్ళు ఇస్తే, తాగి, "నాలాగా కాకు" అని ఒక్క మాటే అంది. మరుసటి వారం ఆ ఇల్లాలే తన పిల్లలిద్దరికీ రక్తపరీక్ష చేయించింది. ఒకడికి యాభై రెండు. వాడికీ పీతమందు పడింది.

గుండ్లకు మట్టి వాడి చూసింది. బంకమట్టితో చేసి కాల్చితే తేలిగ్గా ఉన్నాయని పడవలవాళ్ళు గొణిగారు. పెద్దవి చేసింది. రాళ్ళకు తగిలి పగులుతున్నాయన్నారు. ఇప్పుడు కొందరు ఇనుప గొలుసు ముక్కలు కడుతున్నారు, కొందరు ఇంకా సీసమే కడుతున్నారు. ఐదు ఇళ్ళు మాత్రం పని ఇంట్లోంచి తీసేసి, ఊరి బయట ఒకే షెడ్డులోకి మార్చుకున్నాయి. పనిబట్టలు అక్కడే విప్పి, స్నానం చేసి గానీ ఇంటికి రావడం లేదు. మిగతావాళ్ళ సంగతి మిగతావాళ్ళదే.

పిట్ట ఇప్పుడు మూడో తరగతి. మాటలన్నీ వచ్చాయి. కొన్నిసార్లు ఆపమని బతిమాలాల్సి వస్తుంది. లెక్కల దగ్గర కూర్చుంటే మాత్రం రెండు నిమిషాలకే లేచిపోతుంది. తీసివేతలు నేర్పితే వారానికి మర్చిపోతుంది. మా ఆయన సముద్రం నుంచి వచ్చినప్పుడల్లా చింతపిక్కలు ముందేసుకుని దానితో కూర్చుంటాడు. ఇద్దరికీ లెక్కలు తప్పుతాయి, ఇద్దరూ నవ్వుకుంటారు. ఆ నవ్వులు వినపడితే అత్త లేచి వేరే గదిలోకి వెళ్ళిపోతుంది.

ఆ రోజు వరండాలో అన్న మాట నేను వెనక్కి తీసుకోవాలని చాలాసార్లు ప్రయత్నించాను. "వదిలెయ్ అమ్మాయ్, నువ్వన్నది నిజమే కదా" అంటుంది.

మొన్న, ఐసు షెడ్డు అవతలి వీధినుంచి ఒక అమ్మాయి చంటిదాన్ని ఎత్తుకుని వచ్చింది. ఎవరో మాకు తెలియదు. ఆమె భర్త పాత బ్యాటరీలు విప్పే కొట్టులో పని చేస్తాడట, పిల్ల తినడం లేదట. ఇంకా మాట పూర్తి కాలేదు, అత్త వాళ్ళను ఆస్పత్రికి తీసుకెళ్ళడానికి చెప్పులు వేసుకుంది. భోజనం చేసి వెళ్ళమంటే వినలేదు. పొద్దుగూకాక తిరిగొచ్చి కాళ్ళు కడుక్కుంది. రెండు రోజులకు ఫలితం వచ్చింది. పదిహేడు. మందు అక్కర్లేదన్నారు. నాన్న పనిబట్టలు ఇంటికి తేకపోతే చాలు, ఇల్లు తడిగుడ్డతో తుడుచుకుని, మూడు నెలలకోసారి రక్తం చూపించుకోమన్నారు.

"ఆ పిల్ల బయటపడింది" అంది అత్త నాతో. అంటూ పీట మీద కూర్చుని చాలాసేపు అరచేతులు తిప్పి తిప్పి చూసుకుంది. ఆమె ముఖంలో ఉన్నది సంతోషమో, ఇంకేదైనానో నాకు తెలియలేదు. కంచం పెట్టాను. సగం తిని లేచింది.